మడత చాకుకు విశాఖలో చోటెక్కడ

మడత చాకులు సేకరించేవాళ్ళ మధ్య మాటలు ఎక్కువగా కంపెనీ పేర్ల చుట్టూ, ఉక్కు రకాల చుట్టూ, పిడికి వాడిన కొమ్ము, ఎముక, చెక్కల చుట్టూ తిరుగుతాయి. విశాఖపట్నంలో ఆ చాకును రోజూ జేబులో వేసుకుని తిరగాలంటే వీటికంటే ముందు తేల్చుకోవలసినవి ఉన్నాయి. ఇక్కడి ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. ఊళ్ళో చాలా ఉద్యోగాలు ఏదో ఒక భద్రతా గేటు దాటి వెళ్ళేవే. జేబులోంచి కత్తి బయటికి తీస్తే పక్కనున్నవాళ్ళు ఒకసారి ఉలిక్కిపడతారు. ఈ పరిస్థితులన్నిటికీ ఇమిడే చాకు కోసం చూస్తే, తెరిచిన బ్లేడును కదలకుండా పట్టే బలమైన తాళాలతో వస్తున్న కొత్త రకాలకంటే వందేళ్ళు దాటిన సాదా నమూనాలే మెరుగ్గా కనిపిస్తాయి. వాటి లోపాలుగా చెప్పుకునే చిన్న సైజు, తాళం లేకపోవడం, రెండు చేతులూ వాడితేగాని తెరుచుకోకపోవడం ఇక్కడ వాటి బలాలు.

పాత రకం అంటే ముఖ్యంగా స్లిప్‌జాయింట్. దాని పిడి వెన్నులో ఒక ఉక్కు స్ప్రింగు బద్ద ఉంటుంది. బ్లేడు మొదలు ఆ బద్దను ఒత్తుకుంటూ తిరుగుతుంది. పూర్తిగా తెరిచినప్పుడూ, పూర్తిగా మూసినప్పుడూ బ్లేడు మొదట్లోని చదును భాగం మీద బద్ద దిగి కూర్చుంటుంది. బ్లేడును నిలబెట్టేది ఆ ఒత్తిడి ఒక్కటే. కాస్త గట్టిగా వెనక్కి నొక్కితే మూసుకుపోతుంది. కాబట్టి దీనితో కోయాలి తప్ప గుచ్చకూడదు, మెలితిప్పకూడదు. మంచి చాకు సంగతి చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది. బ్లేడు మీది గాడిలో బొటనవేలి గోరు పెట్టి లాగితే బిగువుగా కదులుతుంది, కొన్నింటిలో సగం దూరంలో ఒకసారి ఆగుతుంది, చివర టక్కుమని పడుతుంది. తెరిచినా మూసినా స్ప్రింగు బద్ద పిడి అంచుతో సమంగా ఉండాలి, వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే బద్దకూ పక్కనున్న ఇత్తడి రేకులకూ నడుమ వెలుగు కనపడకూడదు. బ్లేడు కొన పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడకూడదు. ఇవి సరిగా లేని చాకు ఎంత ఖరీదైనదైనా అల్మరాకే గాని జేబుకు పనికిరాదు.

ఈ విద్య ఇంగ్లండులోని షెఫీల్డులో బాగా పండింది. అక్కడి కత్తుల పనివాళ్ళ సంఘానికి 1624లోనే పార్లమెంటు చట్టంతో గుర్తింపు వచ్చింది. బార్లో అనే నమూనా షెఫీల్డు నుంచి సముద్రం దాటి అమెరికాలో రైతుల జేబుల్లోకి చేరింది. అమెరికాలోనే పశువుల కాపరుల కోసం స్టాక్‌మన్ అనే మూడు బ్లేళ్ళ చాకు పుట్టింది. ఒక బ్లేడు మామూలు కోతకు, ఒకటి వంపు లేని తిన్నని అంచుతో, మూడోది దూడలకు విత్తులు తీయడానికి. విశాఖ వంటి ఓడరేవు, నౌకాదళం ఉన్న ఊరికి వీటిలో దగ్గర చుట్టం ఆ తిన్నని అంచుది, షీప్స్‌ఫుట్ అనే బ్లేడు. దీని అంచు తిన్నగా ఉంటుంది, వెన్ను చివర్లో కిందికి వంగి మొనను మొద్దు చేసేస్తుంది. ఊగే ఓడ మీద తాడు కోస్తూ ఒరిగిపోయినా ఎవరికీ గుచ్చుకోదు. అందుకే నావికుల చాకులకు ఈ బ్లేడు తరతరాలుగా కుదిరింది. సూటిగా చెప్పాలంటే ఊళ్ళో జేబులో ఉండదగ్గ బ్లేడు కూడా ఇదే.

ఫ్రాన్సులో సవాయ్ ప్రాంతపు జోసెఫ్ ఒపినెల్ 1890లో బీచ్ చెక్క పిడితో చేసిన రైతు చాకు ఇప్పటికీ దాదాపు అదే రూపంలో వస్తోంది. దానికి తిరిగే ఉంగరం తాళం 1955లో చేరింది. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కర్మాగారమే తర్వాత విక్టోరినాక్స్ అయింది; సైనికాధికారుల కోసం ఆయన చేసిన చాకు నమూనా 1897లో నమోదైంది. మన నగరాల్లో సులువుగా దొరికే స్లిప్‌జాయింట్ ఇదే. జపానులోని మికి పట్టణపు హిగోనోకామి ఇంకా సాదాది. స్ప్రింగే లేదు. మడిచిన రేకు పిడి, ఒక రివిట్టు, బ్లేడు వెనక చిన్న తోక, అంతే. కోస్తున్నంతసేపూ ఆ తోక మీద బొటనవేలు నొక్కి ఉంచితేనే బ్లేడు నిలుస్తుంది.

ఇదంతా పరాయి సరుకని, మనకెందుకని అనిపించవచ్చు. కానీ చిన్న పదును పనిముట్టును వెంట ఉంచుకోవడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. తాంబూలపు సంచిలో సున్నపు డబ్బీ పక్కన అడకత్తెర ఉండేది. రకరకాల ఆకారాల్లో, ఇత్తడి నగిషీలతో చేసిన ఆ అడకత్తెరలను ఇప్పుడు సేకరించేవాళ్ళున్నారు. పుణేలోని రాజా దినకర్ కేల్కర్ మ్యూజియంలో అడకత్తెరలది ఒక పేరున్న సేకరణ. తాళపత్రాలు రాసే రోజుల్లో దక్షిణాదిన గంటాన్నీ, ఆకు కత్తిరించే చిన్న కత్తినీ ఒకే పిడిలోకి మడిచే పనిముట్లు చేశారు. రాయడం, కోయడం రెండూ చేసే ఆ పనిముట్టు మొలకు వేలాడేది, సంచిలో ఇమిడేది. క్షౌరకత్తి కూడా పిడిలోకి మడిచే చాకే, స్ప్రింగు లేని రకం. మన దగ్గర ఈ మూడూ చాలావరకు వాడుక తప్పాయి. అలవాటు తప్పింది కాబట్టే జేబులో చాకంటే ఇప్పుడు రౌడీ గుర్తొస్తాడు, వక్క కోసుకునే తాతయ్య గుర్తుకు రాడు.

చట్టం మాట తేలిక చేయకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం దాడికోసమో ఆత్మరక్షణకోసమో ఆయుధంగా తయారుచేసిన వస్తువులను ఆయుధాలంటుంది. పూర్తిగా ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన వస్తువులను ఆ నిర్వచనం నుంచి మినహాయిస్తుంది. నిబంధనల్లోని ఐదో వర్గంలో ఖడ్గాలు, బాకులు, ఈటెలతోపాటు తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేళ్ళు కనిపిస్తాయి. అక్కడ కూడా గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. రెండున్నర మూడంగుళాల పళ్ళు కోసే చాకు ఆ కొలతల దరిదాపుల్లోకి రాదు. అయితే కొలత సరిపోయినంత మాత్రాన అన్నిచోట్లా నిశ్చింత అనుకోవద్దు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ స్ప్రింగుతోనో బటనుతోనో తెరుచుకునే చాకుల మీద ఆంక్ష పెట్టింది. అక్కడి హద్దు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు. విశాఖలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో దిగేవాళ్ళకు ఇది పనికొచ్చే సమాచారం. ఊళ్ళో ఉద్రిక్తతలప్పుడు, ఊరేగింపులప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, అంటే పాత 144 కింద, ఉత్తర్వులు వస్తుంటాయి. ఆ రోజుల్లో చాకు ఇంట్లోనే ఉండాలి. చాకుతో ఎవరికైనా గాయమైతే ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం కింద లెక్క మారిపోతుంది. అప్పుడు బ్లేడు పొడవు ఎంతన్నది ఎవరూ అడగరు.

పోలికకు బ్రిటన్ చట్టం చూడదగ్గది. 1988 నాటి అక్కడి చట్టం ప్రకారం బ్లేడు అంచు మూడంగుళాలకు మించని మడత జేబు చాకును కారణం చెప్పనక్కర లేకుండా దగ్గర ఉంచుకోవచ్చు. 1993లో అక్కడి కోర్టు తాళం పడే చాకు ఆ మినహాయింపు కిందికి రాదని తేల్చింది. అంటే స్లిప్‌జాయింట్ జేబులో ఉండవచ్చు, తాళం చాకు ఉండాలంటే కారణం చూపాలి. ఇది మనకు వర్తించే చట్టం కాదు గాని, అందులోని ఆలోచన మనకూ పనికొస్తుంది. చేతిలోనే మూసుకుపోగల చాకుతో ఎవరూ పోట్లాటకు దిగరు.

చట్టం కంటే విశాఖవాసికి రోజూ ఎదురయ్యేది గేటు. స్టీల్ ప్లాంటు, పోర్టు, విమానాశ్రయం సీఐఎస్ఎఫ్ కాపలాలో ఉన్నాయి. నేవల్ డాక్‌యార్డుకు దాని సొంత తనిఖీలున్నాయి. జగదాంబ దగ్గర సినిమాకు వెళ్ళినా, మద్దిలపాలెంలో మాల్‌కు వెళ్ళినా మెటల్ డిటెక్టరు దాటాలి. కోర్టు సంగతి చెప్పనక్కరలేదు. విమానంలో చేతి సామానులో చాకు కుదరదు, చెక్-ఇన్ బ్యాగులో పెట్టాలి. తాళాలగుత్తికి వేలాడే వేలెడంత చాకును మరిచిపోయి తనిఖీ దగ్గర వదులుకోవలసి వచ్చిందంటే, అది తాతల నాటిదైతే ఆ నష్టం పూడేది కాదు. ఈ ఊరికి సరైన పద్ధతి ఏమిటంటే, గేటు లోపల పనిచేసేవాళ్ళు సేకరణలోని విలువైన చాకును రోజువారీ జేబులో వేసుకోకూడదు. పోయినా గుండె తరుక్కుపోని సాదా చాకు ఒకటి స్కూటరు డిక్కీలో చిన్న గుడ్డ సంచిలో ఉండాలి. భద్రతా సిబ్బందితో వాదనకు దిగడం, ఇది పళ్ళ చాకేనని నచ్చజెప్పబోవడం వృథా. వాళ్ళ దగ్గరున్న జాబితాలో చాకు చాకే.

ఇక మనుషుల చూపు. జపాన్ అనుభవం ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. హిగోనోకామి అక్కడ ఒకప్పుడు బడిపిల్లల పెన్సిలు చెక్కే చాకు. 1960 అక్టోబరులో టోక్యోలో సోషలిస్టు నాయకుడు అసనుమా ఇనెజిరో వేదిక మీదే కత్తిపోటుకు బలయ్యాక పిల్లలకు కత్తులివ్వొద్దనే ప్రచారం ఊపందుకుంది. హత్యకు వాడింది హిగోనోకామి కాదు, పొట్టి ఖడ్గం. అయినా దెబ్బ తిన్నది పెన్సిలు చాకు. ఒక పనిముట్టు బతకడానికి దాని పనితనం ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్నవాళ్ళకు దాని పని తెలిసి ఉండాలి. ఆఫీసులో మధ్యాహ్న భోజనం తర్వాత సువర్ణరేఖ మామిడిపండు కోసి నలుగురికీ పంచినప్పుడు ఆ చాకు గురించి ఎవరికీ భయం ఉండదు, మర్నాడు పార్సిలు విప్పడానికి వాళ్ళే అడుగుతారు. అదే చాకును ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఊరికే తెరుస్తూ మూస్తూ కూర్చుంటే భయం పుట్టడం న్యాయమే. పని ఉన్నప్పుడే తీయాలి, రెండు చేతులతో నెమ్మదిగా తెరవాలి, పని అవ్వగానే తుడిచి మూయాలి. ఇంకొకరికి ఇవ్వవలసి వస్తే మూసే ఇవ్వాలి. కత్తిని చేతికి చెయ్యి ఇస్తే తగువులొస్తాయని, కింద పెడితే తీసుకోవాలని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటారు. పాశ్చాత్యులకూ ఇటువంటిదే ఉంది, చాకు బహుమతిగా ఇస్తే పుచ్చుకున్నవాళ్ళు ఒక నాణెం తిరిగి ఇస్తారు. నమ్మకం మాట ఎలా ఉన్నా, బల్ల మీద పెట్టి తీసుకోమనడంలో వేళ్ళు తెగకుండా ఉండే జాగ్రత్త ఉంది.

సేకరణకు అసలు పరీక్ష విశాఖ గాలి. బీచ్ రోడ్డు ఇళ్ళ కిటికీ ఊచలు చూసినవాళ్ళకు ఇది వివరించనక్కరలేదు. స్టెయిన్‌లెస్ అనడానికి ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి. అది గాలి తగలగానే పైన సన్నటి ఆక్సైడు పొర కట్టి లోపలి ఇనుమును కాపాడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, చెమటలోని ఉప్పు ఆ పొరను చుక్కలు చుక్కలుగా చీలుస్తాయి. అందుకే ఇక్కడ స్టెయిన్‌లెస్ బ్లేడు మీద కూడా సూదిమొనంత గుంటలు పడతాయి. కార్బన్ ఉక్కుకు ఆ పొర అసలు లేదు. వానాకాలంలో తడిగా మూసి పెడితే తెల్లారేసరికి ఎర్రబారుతుంది. అయినా కార్బన్ ఉక్కుకు అభిమానులు ఎందుకున్నారంటే అది సానకు తేలిగ్గా లొంగుతుంది, సన్నటి పదునునిస్తుంది, వాడేకొద్దీ రంగు మారుతుంది. పుల్ల మామిడికాయ కోస్తే నిమిషాల్లో అంచు దగ్గర నీలం, బూడిద రంగుల మరక పుడుతుంది. కొత్త బ్లేడైతే ముక్కకు ఇనుము వాసన కూడా అంటుతుంది. కొన్ని నెలలు పళ్ళూ ఉల్లిపాయలూ కోశాక బ్లేడంతా ముదురు బూడిద రంగుకు తిరిగి, ఎర్ర తుప్పు పట్టే వేగం తగ్గుతుంది. ఈ మచ్చలను పాలిష్‌తో తుడిచేసి మెరిపించడం అనవసరం, బ్లేడుకు నష్టం కూడా.

కాబట్టి విశాఖలో జేబుకు స్టెయిన్‌లెస్, ఇంటికి కార్బన్ ఉక్కు అనే విభజన సబబు. పిడి విషయంలోనూ గాలిదే పైచేయి. ఒపినెల్ చెక్క పిడి తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్లేడును నొక్కి పట్టేస్తుంది, వానాకాలంలో గోటితో తెరవడం గగనమవుతుంది. పిడిని ఎండలో పెడితే పగులుతుంది. నీడన ఆరబెట్టి, బ్లేడు తిరిగే చోట చెక్కకు అవిసెనూనె పట్టిస్తే తర్వాత తేమ తక్కువగా పీలుస్తుంది. స్లిప్‌జాయింట్ పిడిలోని ఇత్తడి రేకులకు పచ్చగా చిలుము పడుతుంది. బీచ్‌కు తీసుకెళ్ళిన చాకులో ఇసుక రేణువులు చేరి కీలును నమిలేస్తాయి, ఇంటికి రాగానే మంచినీళ్ళలో తెరిచి మూస్తూ కడిగి, గుడ్డతో తుడిచి, తెరిచే ఆరబెట్టాలి. కీలులో ఒక చుక్క నూనె కావాలి. పొద్దుతిరుగుడు, నువ్వుల వంటి వంటనూనెలు కొన్నాళ్ళకు జిగురెక్కి దుమ్ము పట్టుకుంటాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ తిండి వస్తువులకు హాని చేయనిది, జిగురెక్కనిది. ఇంకొక మాట, అందంగా ఉందని చాకులను తోలు ఒరలో ఏళ్ళ తరబడి దాచేవాళ్ళున్నారు. ఆ తోలు తేమను, తోలు శుద్ధిలో మిగిలిన రసాయనాలను బ్లేడుకు అంటిస్తుంది. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచడమే మేలు.

పాత చాకులు కొనేటప్పుడు వయసు పట్టించేవి బ్లేడు మొదట్లోని ముద్రలు. అమెరికాలో 1889లో మొదలైన కేస్ కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కోటి తగ్గిస్తూ వచ్చింది. చుక్కలు లెక్కపెడితే తయారైన ఏడాది తెలుస్తుంది. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్నది, అందుకే ఇంగ్లండ్ అనే మాట ఉన్న షెఫీల్డు చాకు సాధారణంగా ఆ తర్వాతిదే. షెఫీల్డు జోసెఫ్ రాడ్జర్స్ చాకుల మీద కిరీటం పక్కనుండే అక్షరాలు ఏ రాజు కాలమో చెబుతాయి. పేరున్న ముద్రలకు నకళ్ళు మొదట్నుంచీ ఉన్నాయి కాబట్టి ముద్రకంటే పనితనాన్ని నమ్మాలి. సాన పట్టీ పట్టీ బ్లేడు సన్నబడిపోయిందా అన్నది మరీ ముఖ్యం.

పిడి దగ్గర విశాఖకు ఒక పాత సంబంధం ఉంది, దానితోపాటు ఒక హెచ్చరిక కూడా. 18వ శతాబ్దంలో వైజాగపట్నం పేరుతో లోకానికి తెలిసిన పెట్టెలు, బల్లలు దంతపు పలకలతో, కొమ్ముతో చేసినవి. దంతం మీద గీసిన నగిషీలో నల్లటి లక్క నింపేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. అవే దంతం, కొమ్ము షెఫీల్డు చాకుల పిడులకూ వెళ్ళేవి. సాంబార్ జింక కొమ్ము పిడులకు ప్రపంచమంతా మన దేశం మీద ఆధారపడింది, 1990ల చివర్లో ఎగుమతి ఆగేదాకా. ఇప్పుడు దంతం, జింక కొమ్ము రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. పత్రాలు లేని అటువంటి పిడి ఉన్న చాకును ఎంత పాతదైనా కొనకపోవడమే సేకరించేవాళ్ళ ధర్మం. గేదె కొమ్ము, పశువు ఎముక అందులోకి రావు. మన పొరుగున పర్లాకిమిడిలో కొమ్ము పని పేరున్నదే.

పదును విషయంలో ఒక ముఖ్యమైన జాగ్రత్త. వీధుల్లోకి వచ్చే సైకిలు సాన వంటింటి కత్తిపీటకు సరిపోతుంది గాని సన్నటి చాకుకు సరిపడదు. తిరిగే రాయి ఒక్కసారికే ఏడాది పాటు అరిగేంత లోహాన్ని తీసేస్తుంది. నిప్పురవ్వలు లేచేంత ఒత్తితే అంచు నీలం రంగుకు తిరుగుతుంది, అక్కడ ఉక్కు మెత్తబడిపోయిందని దానర్థం. ఇంట్లో తడి సానరాయి మీద, ఒక్కో వైపు పదిహేను నుంచి ఇరవై డిగ్రీల వాలులో, ఇరుపక్కలా సమంగా నెమ్మదిగా లాగాలి. అంచుకు అవతలి వైపు వేలితో అడ్డంగా తడిమితే సన్నటి ముల్లు తగలగానే వైపు మార్చాలి. చివర పాత తోలు బెల్టు వెనక వైపు వెనక్కి లాగితే ఆ ముల్లు రాలిపోతుంది. కాగితం చప్పుడు లేకుండా తెగిందంటే పని అయినట్టే.

మిగిలిన లోటు ఒక్కటే. ఈ చాకులన్నీ బయటి నుంచి రావలసిందే. స్ప్రింగు బద్దను కాల్చి చల్లార్చి సరైన పాకం పెట్టడం కష్టమైన పని, ఇక్కడి కమ్మరిని అది అడగక్కరలేదు. హిగోనోకామి వంటి స్ప్రింగు లేని చాకుకు ఆ సమస్యే లేదు. ఆటోనగర్‌లో లారీ స్ప్రింగు పట్టీ ముక్కతో కొడవలి చేయగల కమ్మరికి రెండున్నర అంగుళాల బ్లేడు, వెనక చిన్న తోక, ఒక ఇత్తడి రివిట్టు పెద్ద పని కాదు. పిడికి ఏటికొప్పాక బొమ్మల అంకుడు చెక్క మెత్తనిది, జేబులో నలిగిపోతుంది. నాగళ్ళకు, గొడ్డళ్ళకు వాడే నల్లతుమ్మ నప్పుతుంది. బ్లేడుకు మొన మొద్దుగా షీప్స్‌ఫుట్ ఆకారం ఇప్పించాలి. కీలు వదులైతే రివిట్టు తలను సుత్తితో రెండు దెబ్బలు కొడితే మళ్ళీ బిగుస్తుంది, ఆ మరమ్మతు ఎవరి ఇంట్లోనైనా అయిపోతుంది.